నవ్వుల సిరి

పాఠ్యభాగ ఉద్దేశం

హాస్యం నవరసాలలో ఒకటి. దానిని పండించే నటుడిని లోకం వెంటనే గుర్తుపడుతుంది. దానికి పెట్టుబడి పెట్టి, వేదిక నిర్మించి, వారం వారం ఇంటింటికీ చేర్చే నిర్మాతను అంతగా గుర్తించదు. నెల్లూరు సీమలో పుట్టి కవిగా, చలనచిత్ర నిర్మాతగా పేరొందిన మల్లెమాల సుందర రామిరెడ్డి, ఆయన కుమారుడు, బుల్లితెర హాస్య కార్యక్రమాల నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి గార్ల కృషిని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం. నవ్వు నుంచి సంపద ఎలా పుడుతుందో, ఆ సంపద వెంట ఎలాంటి బాధ్యత వస్తుందో విద్యార్థులు దీని ద్వారా గ్రహిస్తారు.

పాఠం

తూర్పున బంగాళాఖాతం, పడమట వెలికొండలు, నడుమ పెన్న తడిపిన వరిమళ్లు. ఇదీ నెల్లూరు సీమ. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి ఆస్థానంలో తిక్కన సోమయాజి మహాభారతాన్ని తెనిగించిన నేల ఇది. తీరం వెంబడి గూడూరు, సూళ్లూరుపేటల మీదుగా సాగే రైలుమార్గం ఈ సీమను మద్రాసు నగరానికి చేరువ చేసింది. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసులో వేళ్లూనుకున్న రోజులలో నెల్లూరు యువకులకు అది పొరుగూరులాంటిది. సూళ్లూరుపేట ప్రాంతపు మంగళంపాడులో పుట్టిన ఆచార్య ఆత్రేయ ఆ దారినే వెళ్లి పాటకు, మాటకు కొత్త సొగసు తెచ్చారు. నెల్లూరు ప్రాంతానికే చెందిన తిక్కవరపు వెంకట రమణారెడ్డి 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962) వంటి చిత్రాలలో తన సన్నని దేహాన్నీ, గమ్మత్తయిన గొంతునూ పెట్టుబడిగా పెట్టి తెలుగువారిని కడుపుబ్బ నవ్వించారు. ఆ తరం తర్వాత అదే సీమకు చెందిన ఒక కుటుంబం నవ్వును వెండితెర నుంచి బుల్లితెరకు తీసుకొని వచ్చింది.

ఆ కుటుంబానికి ఆద్యులు మల్లెమాల సుందర రామిరెడ్డి. చిత్రసీమ ఆయనను ఎం. ఎస్. రెడ్డిగా ఎరుగును. 1924 ఆగస్టు 15న, నాటి నెల్లూరు జిల్లాలో వెంకటగిరికి సమీపంలోని అలిమిలి గ్రామంలో ఒక రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. ఇంటిపేరునే కలంపేరుగా మార్చుకొని పద్యాలు, పాటలు రాశారు. 'సహజకవి' అని లోకం ఆయనను గౌరవించింది. కవిత్వం మనసుకు తృప్తినిచ్చింది. జీవిక కోసం, అభిరుచి కోసం ఆయన చిత్రనిర్మాణాన్ని చేపట్టారు. 1974లో వచ్చిన 'కోడెనాగు' ఆయన నిర్మించిన చిత్రమే. పాటల రచయితగా సుప్రసిద్ధులైన ఆత్రేయ అందులో గురువు పాత్ర ధరించడం ఒక విశేషం. 'ముత్యాల పల్లకి', 'ఏకలవ్య', 'పల్నాటి సింహం' వంటి చిత్రాలు ఆయన సంస్థ నుంచి వచ్చాయి.

లాభనష్టాల లెక్కలకు అతీతంగా ఆయన చేసిన సాహసం 1997లో విడుదలైన 'రామాయణం'. గుణశేఖర్ దర్శకత్వంలో, పాత్రలన్నీ బాలబాలికలే ధరించిన చిత్రమది. నేటి ప్రసిద్ధ నటుడు జూనియర్ ఎన్. టి. ఆర్. అందులో బాలరాముడు. ఉత్తమ బాలల చిత్రంగా అది జాతీయ పురస్కారాన్ని అందుకొన్నది. సుందర రామిరెడ్డి 'ఇది నా కథ' అనే పేరుతో ఆత్మకథను కూడా రచించారు. 2011 డిసెంబరు 11న ఆయన కన్నుమూశారు. ఆయన తన కుమారునికి అందించిన ఆస్తులలో కంటికి కనిపించనిది ఒకటున్నది. అది 'మల్లెమాల' అనే పేరు.

శ్యాంప్రసాద్ రెడ్డి తండ్రి అడుగుజాడలలో నిర్మాత అయ్యారు. దర్శకుడు కోడి రామకృష్ణతో కలిసి 'తలంబ్రాలు', 'ఆహుతి', 'అంకుశం' వంటి చిత్రాలను అందించారు. 'అంకుశం'లో ముఖ్యమంత్రి పాత్రను సుందర రామిరెడ్డి స్వయంగా ధరించారు. 1995లో వచ్చిన 'అమ్మోరు' గ్రామదేవత కథకు కంప్యూటర్ దృశ్యమాయను జోడించి ప్రేక్షకులను ఆశ్చర్యపరచింది. తరువాత చేపట్టిన 'అంజి' నిర్మాణం ఏళ్ల తరబడి సాగి, 2004లో గాని విడుదల కాలేదు. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ పురస్కారం వచ్చినా, పెట్టిన కాలానికీ ధనానికీ తగిన ఫలం దక్కలేదు. 2009లో విడుదలైన 'అరుంధతి' మాత్రం ఘనవిజయం సాధించింది. ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే చిత్రనిర్మాణ స్వభావం తెలుస్తుంది. సినిమా ఒక్క పంట మీదే ఆధారపడిన సేద్యం వంటిది. ఏళ్ల శ్రమకు ఫలితం విడుదలైన తొలివారంలోనే తేలిపోతుంది. వాన కురిస్తే గాదెలు నిండుతాయి. కురవకపోతే విత్తనాలూ దక్కవు.

టెలివిజన్ సేద్యం వేరు. అది పాడి వంటిది. రాబడి ఒక్కసారిగా వచ్చిపడదు. కానీ ఏ వారానికి ఆ వారం పాలు పితకవచ్చు. అయితే పాడి పశువుకు సెలవు ఉండదు, పోషకునికీ ఉండదు. 1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రారంభమైన నాటి నుంచి తెలుగు ఇళ్లలో బుల్లితెర స్థానం పెరుగుతూ వచ్చింది. శ్యాంప్రసాద్ రెడ్డి నెలకొల్పిన మల్లెమాల ఎంటర్‌టైన్‌మెంట్స్ ఆ ఛానల్ కోసం 'ఢీ' నృత్య పోటీలను, 'క్యాష్' వంటి వినోద కార్యక్రమాలను రూపొందించింది. 2013 ఫిబ్రవరి 7న 'జబర్దస్త్' మొదలైంది. కొందరు హాస్యనటులు జట్లుగా ఏర్పడి చిన్న చిన్న హాస్య నాటికలు ప్రదర్శించడం, న్యాయనిర్ణేతలు మార్కులు వేయడం దీని పద్ధతి. నాగబాబు, రోజా న్యాయనిర్ణేతలుగా, అనసూయ, ఆ తరువాత రష్మి వ్యాఖ్యాతలుగా ప్రేక్షకులకు ఆత్మీయులయ్యారు. ఆదరణ పెరగడంతో 2014లో 'ఎక్స్‌ట్రా జబర్దస్త్' తోడైంది. 2019లో నాగబాబు, 2022లో మంత్రి పదవి చేపట్టిన రోజా వైదొలగినా కార్యక్రమం ఆగలేదు. వ్యక్తులు మారినా నిలబడగలిగే చట్రాన్ని కట్టడమే నిర్మాత నైపుణ్యం. అమెరికాలో లోర్న్ మైకేల్స్ 1975లో ప్రారంభించిన 'సాటర్‌డే నైట్ లైవ్' కూడా ఇలాంటి చట్రమే. తరాల నటులు వచ్చి వెళ్లినా ఆ కార్యక్రమం అర్ధశతాబ్దం దాటి నిలిచింది.

ఇంతకూ నవ్వు ధనంగా ఎలా మారుతుంది? ప్రేక్షకుడు నవ్వినందుకు నేరుగా రుసుము చెల్లించడు. అతడు వెచ్చించేది కాలం. ఆ కాలాన్ని ఛానల్ ప్రకటనకర్తలకు అమ్ముతుంది. ప్రకటనల ధరను సాధారణంగా పది సెకన్ల లెక్కన కడతారు. 2013లో ట్రాయ్ ప్రకటనలకు గంటకు 12 నిమిషాల పరిమితిని నిర్దేశించింది. అంటే గంటలో పది సెకన్ల ముక్కలు 72 మాత్రమే. సరుకు పరిమితమైనది కనుక ధరను నిర్ణయించేది గిరాకీ. గిరాకీని నిర్ణయించేది రేటింగు. ఎక్కువ ఇళ్లలో నవ్వు వినిపించిన కొలదీ ఆ పది సెకన్ల విలువ పెరుగుతుంది.

ఈ వ్యాపారంలో నిర్మాతకు సాధారణంగా రెండు మార్గాలు ఉంటాయి. మొదటిది, ఛానల్ ఒక్కొక్క ఎపిసోడుకు ఇంత అని సొమ్ము చెల్లించడం. నష్టభయం తక్కువ, కానీ హక్కులు ఛానల్‌వే అవుతాయి. రెండవది, నిర్మాతే ప్రసార సమయాన్ని కొనుక్కొని ప్రకటనలు సమకూర్చుకోవడం. ఇందులో లాభమూ నష్టమూ అతనివే. అంతర్జాలం వచ్చిన తరువాత మూడవ ఆదాయమార్గం ఏర్పడింది. గంట కార్యక్రమంలోని ఒక్కొక్క నాటికను విడదీసి యూట్యూబులో ఉంచితే, పాత నవ్వు కూడా కొత్త ప్రేక్షకులను సంపాదిస్తుంది. ఇందులో ఎవరి వాటా ఎంత అన్నది హక్కుల ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. కనుకనే ఈ రంగంలో అడుగుపెట్టదలచిన వారు హాస్యంతో పాటు ఒప్పంద పత్రాన్నీ చదవడం నేర్చుకోవాలి.

ఇక ఖర్చు సంగతి. వారానికి ఒక ఎపిసోడ్ అంటే ఏడాదికి 52. రెండు అంటే 104. ప్రతిదానికీ కొత్త కథలు, కొత్త వేషాలు, రంగాలంకరణ, దీపాలు, కెమెరాలు, కూర్పు కావాలి. తెరపై కనిపించే నటునికి వెనుక రచయిత, దుస్తులు కుట్టేవారు, రంగు పూసేవారు, వాహన చోదకులు, భోజనం వడ్డించేవారు ఉంటారు. ఆ ఏడెనిమిది నిమిషాల నాటిక వీరందరికీ అన్నం పెడుతుంది. అందువల్ల హాస్య నిర్మాత సంపదను ఆయన ఇంటి ఎత్తుతో కొలవడం సరికాదు. ఆయన వల్ల ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగిందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ వేదిక మీదికి వచ్చిన వారిలో అనేకులు సినిమా నేపథ్యం లేనివారు. చిన్న వేషాల కోసం స్టూడియోల చుట్టూ తిరిగినవారు, ఊరి వేదికలపై అనుకరణలు చేసినవారు ఇక్కడ తమ పేరు తాము సంపాదించుకొన్నారు. చమ్మక్ చంద్ర, సుడిగాలి సుధీర్, రాకెట్ రాఘవ, షకలక శంకర్, హైపర్ ఆది, గెటప్ శ్రీను వంటి వారికి వేదిక మీది బిరుదులే ఇంటిపేర్లయినాయి. తండ్రి ఇంటిపేరును కలంపేరుగా మార్చుకొన్నాడు. కుమారుని వేదిక బిరుదులను ఇంటిపేర్లుగా మార్చింది. ఈ వేదికపై నవ్వించిన వేణు యెల్దండి 2023లో 'బలగం' చిత్రానికి దర్శకత్వం వహించి, తెలంగాణ పల్లె కుటుంబంలోని మరణానంతర విషాదాన్ని చిత్రించి ప్రేక్షకులను కంటతడి పెట్టించారు. నవ్వించడం నేర్చినవాడే ఏడుపు విలువ తెలిసి చెప్పగలడని ఆ చిత్రం నిరూపించింది.

అయితే ఈ కథకు రెండో వైపు కూడా ఉన్నది. ఆదరణతో పాటు విమర్శలూ వచ్చాయి. ద్వంద్వార్థాల సంభాషణలు కుటుంబసమేతంగా చూడదగినవి కావని పలువురు ఆక్షేపించారు. స్త్రీలను, శరీర లోపాలను, కొన్ని వృత్తులను పరిహాసవస్తువులుగా చేయడం తగదన్నారు. పురుషులు స్త్రీవేషం ధరించడం మనకు కొత్త కాదు. స్థానం నరసింహారావు సత్యభామగా రంగం మీదికి వస్తే ప్రేక్షకులు ఆ వేషానికి చేతులు జోడించేవారు. అక్కడ వేషం గౌరవాన్ని తెచ్చింది. నేటి కొన్ని నాటికలలో ఆ వేషమే ఎగతాళికి గురయింది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క సైతం మోటు సరసాలు ఆడేవారు గదా అని సమర్థించేవారున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. కానీ తోలుబొమ్మలాటను ఊరు కలిసి చూసింది. హద్దు మీరితే వారించడానికి పెద్దలు ఎదుటనే ఉన్నారు. టెలివిజన్ ఎదుట ఒక్కోసారి పసిపిల్లవాడు ఒంటరిగా కూర్చొని ఉంటాడు.

భరతముని నాట్యశాస్త్రంలో హాస్యాన్ని ఆరు విధాలుగా విభజించాడు. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. ఈ వరుసను నిర్మాత దృష్టితో చదివితే ఒక సత్యం తోస్తుంది. అట్టహాసాన్ని పుట్టించడం సులభం, అది త్వరగా రేటింగును పెంచుతుంది. చిరునవ్వును పుట్టించడం కష్టం, కానీ అది చిరకాలం నిలుస్తుంది. రమణారెడ్డి మరణించినది 1974లో. అయినా 'గుండమ్మ కథ'లోని ఆయన ఘంటయ్యను చూసి నేటికీ మూడు తరాల వారు ఒకేచోట కూర్చొని నవ్వుకొంటున్నారు. పక్కనున్న వారి ముఖం చూడడానికి సంకోచం కలిగించని నవ్వు అది. అటువంటి నవ్వుకు కాలం వడ్డీ కడుతుంది.

హాస్య నిర్మాత సంపద మూడు విధాలు. మొదటిది ధనం, అది రేటింగుతో వస్తుంది, రేటింగుతో పోతుంది. రెండవది ఆయన తీర్చిదిద్దిన కళాకారులు. వారు వేదికను విడిచి వెళ్లినా ఆ కీర్తిలో వేదికకు వాటా ఉంటుంది. మూడవది పేరు, తెరపై అది కనబడగానే తలుపు మూయాలో, పిల్లలను పిలవాలో ఇంటివారు నిర్ణయించుకొంటారు. అలిమిలి గ్రామపు కవి పద్యాల కింద రాసుకొన్న 'మల్లెమాల' తరువాతి తరంలో లక్షల ఇళ్ల తెరలపై వెలిగింది. మాల వాడకుండా ఉండాలంటే కట్టిన చేతులకు పువ్వును ఎంచుకొనే విచక్షణ ఉండాలి. నవ్వును అమ్మే ప్రతి నిర్మాతకూ, నవ్వును కొనే ప్రతి ప్రేక్షకునికీ వర్తించే నీతి ఇది.

అర్థాలు

తెనిగించు = తెలుగులోకి అనువదించు
వేళ్లూనుకొను = స్థిరపడు
జీవిక = బతుకుతెరువు
గాదె = ధాన్యం నిల్వచేసే చోటు
చట్రం = ఆధారమైన నిర్మాణం
గిరాకీ = కొనుగోలుదారుల కోరిక
ద్వంద్వార్థం = రెండు అర్థాలు స్ఫురించే మాట
స్మితం = చిరునవ్వు
విచక్షణ = మంచిచెడ్డలను వేరుచేసే తెలివి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నవ్వు సంపదగా మారే విధానాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. హాస్య నిర్మాతకు ఉండవలసిన బాధ్యతను సోదాహరణంగా చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నెల్లూరు సీమకు, మద్రాసు చిత్రసీమకు గల అనుబంధాన్ని తెలపండి.
2. చిత్రనిర్మాణానికి, టెలివిజన్ కార్యక్రమ నిర్మాణానికి గల భేదమేమి?
3. హాస్య నిర్మాత సంపద మూడు విధాలని రచయిత ఎందుకు పేర్కొన్నారు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సుందర రామిరెడ్డి ఏ గ్రామంలో జన్మించారు?
2. 'జబర్దస్త్' ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?
3. నాట్యశాస్త్రం ప్రకారం ఉత్తములకు చెందిన హాస్యభేదాలేవి?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. వాన కురిస్తే గాదెలు నిండుతాయి. కురవకపోతే విత్తనాలూ దక్కవు.
2. అటువంటి నవ్వుకు కాలం వడ్డీ కడుతుంది.