నల్లరేగడి మీద పోర్సలీన్ టైల్స్

ప్రశ్న: మాది ప్రత్తిపాడు దగ్గర, రేగడి నేల. కొత్తింటి హాలుకి, వంటింటి గోడకి పోర్సలీన్ టైల్స్ అనుకుంటున్నాం. పక్కింట్లో రెండేళ్లకే లేచాయి. ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు టైల్‌ని కాదు, మట్టిని అనుమానించండి. రేగడి వానలకి ఉబ్బుతుంది, ఎండలకి నెర్రెలిస్తుంది. మే నెలలో పత్తిచేలో చెయ్యి దూరే నెర్రెలు మీకు తెలియనివా? పునాది తవ్విన ఆ మట్టినే గదుల్లోకి తోస్తే ఎంత ఖరీదు టైలైనా లేస్తుంది. గ్రావెల్ పోయించి, పొరపొరకీ తడిపి దిమ్మిస కొట్టించి, ఆపైన కాంక్రీటు బెడ్ వేయించండి.

రెండోది అతుకు. పోర్సలీన్ నీరు పీల్చేది 0.5 శాతం లోపే. సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టవు, తొట్టిలో నానబెట్టడం వృథా. టైల్ అడ్హెసివ్‌ని పళ్ల తాపీతో పరిపించండి. మేస్త్రీ మూలల్లో ముద్దలు పెడతానంటే ఒప్పుకోవద్దు. అతికించిన ఒక టైల్‌ని వెంటనే లేపించండి, వెనకంతా అడ్హెసివ్ అంటి ఉండాలి. టైల్స్ మధ్య కనీసం 2 మి.మీ., గోడ అంచున 8–10 మి.మీ. సందు వదలాలి. అంచు సందుని స్కర్టింగ్ కప్పేస్తుంది.

వంటింటి గోడకి రంగు మీద అతికించకండి, గీకించాలి. కారం, పసుపు కలిసిన నూనె మామూలు గ్రౌట్‌లోకి ఇంకితే వదలదు. అక్కడ ఎపాక్సీ గ్రౌట్‌కి డబ్బు పెట్టండి.

మిర్చి ఆరబోసే వసారాకి మాత్రం నా ఓటు పల్నాడు నాపరాయికే. అద్దంలాంటి టైల్ తడిస్తే జారుతుంది.

కొనేటప్పుడు పది శాతం ఎక్కువ తీసుకోండి, పెట్టెలన్నిటి మీదా బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటేనేమో చూసుకోండి.