బలం అయిపోయిన చోట మొదలైన ప్రార్థన: గజేంద్రుడి నుంచి ఒక పాఠం

ఈ వారం గజేంద్ర మోక్షం వీడియో చూశారు కదా. అందులో టైమ్ సరిపోక వదిలేసిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను. వీడియో చూడనివాళ్ల కోసం కథ కూడా క్లుప్తంగా చెప్తాను.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. మన వీడియోల్లో వినిపించే గొంతు నాదే. నాకు చిన్నప్పటి నుంచి నత్తి. మీకు తెలియదు, ఎందుకంటే ఎడిటింగ్‌లో తీసేస్తాను. తూంకుంటలో మా ఇల్లు రాజీవ్ రహదారికి దగ్గర. లారీల మోత తగ్గాక రాత్రిపూట కూర్చుని రికార్డ్ చేస్తాను. పది నిమిషాల ఆడియోకి రెండు గంటలు పడుతుంది.

ఆఫీసు కాల్‌లో ఎడిటింగ్ ఉండదు. పోయిన నెల ఒక డెమోలో నా పేరు చెప్పుకునే దగ్గరే ఆగిపోయాను. అటువైపు ఎవరో "నెట్‌వర్క్ పోయినట్టుంది" అన్నారు. నేను వెంటనే చాట్‌లో "అవును, నెట్‌వర్క్ ప్రాబ్లమ్" అని టైప్ చేశాను. నత్తి కంటే ఆ అబద్ధం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ రాత్రి స్క్రిప్ట్ కోసం భాగవతం తెరిస్తే, ఎన్నోసార్లు విన్న కథే కొత్తగా కనిపించింది.

ఏనుగు ఎందుకు ఓడిపోయింది?

వ్యాస భాగవతంలో ఎనిమిదో స్కంధంలో వచ్చే కథ ఇది. 15వ శతాబ్దంలో బమ్మెర పోతన దీన్ని తెలుగులో రాశారు. ఆ బమ్మెర ఇప్పుడు మన జనగామ జిల్లాలో ఉంది. త్రికూట పర్వతం దగ్గర గజరాజు తన మందతో నీళ్లు తాగడానికి మడుగులో దిగాడు. మొసలి కాలు పట్టింది. వెయ్యేళ్లు పోరాటం సాగింది.

ఇక్కడ ఒకటి గమనించండి. ఏనుగు బలహీనమైన జంతువు కాదు. కానీ నీరు మొసలి చోటు. రోజులు గడిచేకొద్దీ మొసలి బలం పెరిగింది, ఏనుగు బలం తగ్గింది. స్థానబలం అంటాం కదా, అదే. సాయంకాలం శామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడి నీళ్లు చూస్తుంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. గట్టు మీద మనం ఎంత బలవంతులమైనా, నీళ్లలో లెక్క వేరు.

మనలో చాలామందికి ఇలాంటి మడుగు ఒకటి ఉంటుంది. కోడ్ బాగా రాసేవాడు నలుగురిలో మాట్లాడలేడు. ఊళ్లో అందరికీ ధైర్యం చెప్పే అక్క రాత్రి నిద్ర పట్టక ఏడుస్తుంది. ఇంకొకరికి కోపం, ఇంకొకరికి ఫోన్ వ్యసనం. తప్పంతా మనలోనే ఉందని తిట్టుకుంటూ, అదే నీళ్లలో అదే పద్ధతిలో ఇంకా గట్టిగా లాగుతూ ఉంటాం.

కార్పణ్యం అనే మాట

శ్రీవైష్ణవ సంప్రదాయంలో శరణాగతికి ఆరు అంగాలు చెప్తారు. అందులో ఒకటి కార్పణ్యం. "నా వల్ల కావడం లేదు" అని దాపరికం లేకుండా ఒప్పుకోవడం.

ఇదే మాట భగవద్గీత రెండో అధ్యాయం ఏడో శ్లోకంలో అర్జునుడి నోట వస్తుంది. అక్కడ దాన్ని అతను దోషం అన్నాడు. మొదటి అధ్యాయంలో అర్జునుడు యుద్ధం ఎందుకు చేయకూడదో చాలా వాదించాడు. అప్పుడు ఉపదేశం మొదలవ్వలేదు. తన పరిస్థితి ఒప్పుకుని, నేను నీ శిష్యుణ్ణి, చెప్పు అని అడిగాక, పదకొండో శ్లోకం నుంచి కృష్ణుడు బోధ మొదలుపెట్టాడు.

మరి దోషం శరణాగతిలో అంగం ఎలా అయింది? నాకు అర్థమైంది ఇది. బలహీనతను లోపల దాచుకుంటే అది కుళ్లుతుంది. మోయగలిగినవాడి ముందు పెడితే అదే ప్రార్థన అవుతుంది. నెట్‌వర్క్ మీదకి నెట్టినప్పుడు నేను చేసింది మొదటి పని.

ఆ పిలుపులో సందేహం కూడా ఉంది

గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే పాండ్య రాజు. ఆ జన్మలో నేర్చిన స్తుతి ఆపదలో గుర్తొచ్చింది. పోతన గారి గజేంద్రుడు నిలకడగా ప్రార్థించడు. దేవుడు అసలు ఉన్నాడా అనే అనుమానం కూడా అతనికి వస్తుంది. అయినా పిలవడం ఆపడు. విష్ణువు లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా, శంఖచక్రాలు తీసుకోవాలన్న ధ్యాస లేకుండా పరుగెత్తి వచ్చాడని పోతన వర్ణించారు. విశ్వాసం వంద శాతం అయ్యాకే దండం పెట్టుకుందాం అని ఆగిపోయిన మిత్రులారా, ఈ ఘట్టం మీకోసమే.

మన భక్త రామదాసు కూడా అంతే. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము వాడినందుకు గోల్కొండ ఖైదులో పడ్డాడు. తానీషా కాలం అది. రాముడికి చేయించిన నగల లెక్కలు చెప్పి నిలదీశాడు, మళ్లీ తప్పు మన్నించమని వేడుకున్నాడు. కోట చూడ్డానికి వెళ్తే ఆ ఖైదు గది తప్పకుండా చూడండి.

ముల్లు పోకపోతే?

ఇక్కడ కష్టమైన ప్రశ్న ఒకటి ఉంది. గజేంద్రుడికి మొసలి పోయింది. మరి నా నత్తి పోలేదే?

మా టీమ్‌లో ఒక అన్న ఉన్నారు, క్రైస్తవులు. డెమో తర్వాత క్యాంటీన్‌లో పక్కన కూర్చుని ఒక సంగతి చెప్పారు. బైబిల్లో కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 12వ అధ్యాయంలో, పౌలు తన శరీరంలో గుచ్చుకున్న ముల్లు గురించి రాశాడట. ఆ ముల్లు ఏమిటో అక్కడ చెప్పలేదు. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. నా కృప నీకు చాలు, నీ బలహీనతలోనే నా శక్తి పూర్తిగా తెలుస్తుంది అనే అర్థంలో జవాబు వచ్చింది. ఆ తర్వాత పౌలు తన బలహీనతను దాచుకోవడం మానేశాడు.

మన దారి వేరు, వాళ్ల దారి వేరు. రెండూ ఒకటే అని నేను అనను. కానీ ఆ రోజు నాకు కావాల్సిన మాట ఆ అన్న నోటి నుంచి వచ్చింది. దేవుడు ఒక్కోసారి మొసలిని తీసేస్తాడు, ఒక్కోసారి ముల్లును ఉంచి మోసే శక్తి ఇస్తాడు.

ఒక జాగ్రత్త. శరణాగతి అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. గజేంద్రుడు వెయ్యేళ్లు పోరాడాడు. నేను స్పీచ్ థెరపీకి వెళ్తున్నాను. డిప్రెషన్ ఉన్నవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం భక్తి తక్కువై కాదు. సాయం అడగడం కూడా కార్పణ్యంలో భాగమే అని నా నమ్మకం.

ఈ వారం సాధన

1. మీ మడుగు ఏదో ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. కారణాలు, సాకులు రాయొద్దు.
2. పడుకునే ముందు ఇష్టదైవం ముందు ఆ వాక్యం పైకి చదవండి. పరిష్కారం అడగకపోయినా పర్లేదు.
3. నమ్మకమైన ఒక్క మనిషికి అది చెప్పండి.

నా మూడోది అయిపోయింది. సోమవారం కాల్ మొదట్లోనే "నాకు నత్తి ఉంది, మధ్యలో ఆగితే కొంచెం ఓపిక పట్టండి" అని చెప్పాను. ఆ వాక్యం చెప్పడానికే రెండుసార్లు ఆగాను. ఎవరూ నెట్‌వర్క్ అనలేదు.

ఈ వారం వీడియోలో "గజేంద్రుడు" అనే మాట దగ్గర ఒకచోట మూడు సెకన్లు ఖాళీ వస్తుంది. ఆడియో తప్పు కాదండీ. అక్కడ కట్ చేయలేదు, అంతే.

జై శ్రీమన్నారాయణ.