విందు బల్ల కాదు, కాన్సులర్ కౌంటర్

హారికా,

ఫారిన్ సర్వీసు వచ్చిందని మీ నాన్న చెప్పగానే మీ పెద్దమ్మ ఆనందపడింది, ఆ వెంటనే కళ్ళు తుడుచుకుంది. నాతో దేశాలు తిరిగిన మనిషి కదా, ఆమెకు రెండూ తెలుసు.

జెండా కట్టిన కారు, రాయబార కార్యాలయ విందులు, దౌత్య పాస్‌పోర్టు చూసి ఈ ఉద్యోగాన్ని అంచనా వేయకు. వియన్నా ఒప్పందం (1961) ప్రకారం దౌత్యవేత్తను అరెస్టు చేయకూడదని అందరికీ తెలుసు. అదే ఒప్పందం 41వ అధికరణంలో ఆ దేశ చట్టాలను గౌరవించమనీ, అంతర్గత వ్యవహారాల్లో తలదూర్చవద్దనీ ఉంది. నువ్వు మొదట చదవాల్సింది దాన్ని.

అసలు పని గల్ఫ్‌లో చూస్తావు. యజమాని పాస్‌పోర్టు లాక్కున్న కూలీకి ఇంటికి చేరడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వాలి. జీతం ఎగ్గొట్టిన కంపెనీతో మాట్లాడాలి. ఒక మనిషి చనిపోతే మరణ ధ్రువపత్రం, పోలీసుల అనుమతి, మన కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం అన్నీ కుదిరితేగాని శవపేటిక విమానమెక్కదు. ఖర్చు భరించేవాళ్ళు లేకపోతే 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. దాన్ని అడగడానికి మొహమాటపడకు. జగిత్యాల నుంచి ఒక తల్లి "సారూ, నా కొడుకును ఎప్పుడు పంపిస్తరు?" అని అడిగితే, ఫైలు నడుస్తోందన్న జవాబు సరిపోదు. ఏ కాగితం ఎక్కడ ఆగిందో తెలుసుకుని ఆమెకు తెలుగులో చెప్పు. ఆ తల్లికి భారత ప్రభుత్వమంటే ఆ క్షణాన నీ గొంతే.

1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షకు పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా ఇల్లు చేరారు. విమానాల సంగతి అందరూ చెప్పుకుంటారు. అంతమందికి ప్రయాణ పత్రాలు సిద్ధం చేసిన చేతుల గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

ఇక కష్టాలు. వాటిలో ఎక్కువ భాగం ఇంట్లోవాళ్ళ మీదే పడతాయి. మూడేళ్ళు తిరక్కుండానే పిల్లలు బడినీ స్నేహితులనూ వదులుకోవాలి. భర్తకు ఆ దేశంలో ఉద్యోగం చేసే అనుమతి దొరక్కపోవచ్చు. పెళ్ళి మాట వచ్చినప్పుడే ఇది స్పష్టంగా చెప్పు. మా అమ్మ చివరి రోజుల్లో నేను ఆమె దగ్గర లేను. ఆ లోటు ఏ పదోన్నతీ తీర్చలేదు.

ప్రమాదమూ ఉంది. 1984లో బర్మింగ్‌హామ్‌లో మన దౌత్యవేత్త రవీంద్ర మ్హాత్రేను అపహరించి చంపారు. 2008 జూలై 7న కాబూల్‌లో మన రాయబార కార్యాలయం మీద జరిగిన దాడిలో మరో దౌత్యవేత్త వి. వెంకటేశ్వరరావు ప్రాణాలు కోల్పోయారు.

నువ్వు ఆడపిల్లవి కాబట్టి సి.బి. ముత్తమ్మ గారి పేరు మరవకు. 1949లో ఈ సర్వీసులో చేరిన తొలి మహిళ. పెళ్ళికి మహిళా అధికారులు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన అప్పట్లో ఉండేది. పదోన్నతి నిరాకరిస్తే ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను గట్టిగా తప్పుపట్టారు. ఇప్పుడు నీకు ఆ అనుమతి అక్కర్లేదంటే అది ఆమె చలవే.

శిక్షణలో ఒక విదేశీ భాష తప్పనిసరి. ఇష్టాలు అడిగినప్పుడు చాలామంది ఫ్రెంచ్ వైపు చూస్తారు. నువ్వు అరబిక్ కోరుకో. మన జిల్లాల వాళ్ళు ఎక్కువగా ఉన్నది ఆ భాష మాట్లాడే గల్ఫ్‌లోనే.

మీ పెదనాన్న