భిలాయి నుంచి నర్సింగ్‌కు: బయాలజీ ఒక్కటే చాలదు

2018 అక్టోబర్ 9న భిలాయి ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపులైన్ పేలింది. పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కాలిన గాయాలైన కార్మికులను సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రికి తరలించారు. అలాంటి రోజున వార్డులో నర్సు ముందుండే పనుల్లో ఒకటి, చుక్కల లెక్క.

ఒళ్లు ఎక్కువగా కాలినప్పుడు సన్నని రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని ప్లాస్మా చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరిపోతుంది. రక్తపోటు పడిపోకుండా ద్రవం ఎక్కించాలి. ఎంత? చాలాకాలంగా వాడుకలో ఉన్న పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం, మొదటి 24 గంటల్లో కిలో బరువుకు, కాలిన ఒక్కో శాతానికి 4 మిల్లీలీటర్లు. అందులో సగం మొదటి 8 గంటల్లోనే వెళ్లాలి. ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి లెక్క, ఆసుపత్రికి చేరిన సమయం నుంచి కాదు.

60 కిలోల మనిషికి ఒళ్లు 30 శాతం కాలిందనుకుందాం. 4×60×30 అంటే 7,200 మిల్లీలీటర్లు. సగం 3,600. ప్రమాదం జరిగిన వెంటనే మొదలుపెట్టినా గంటకు 450 వెళ్లాలి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టు అయితే నిమిషానికి 150 చుక్కలు, అంటే సెకనుకు రెండున్నర. కంటితో లెక్కపెట్టడం దాదాపు అసాధ్యం. పంపులు వాడేది ఇందుకే. మోతాదు డాక్టరు నిర్ణయిస్తారు, మూత్రం ఎంత వస్తోందో చూసి మారుస్తారు. గంటగంటకూ ఆ మూత్రాన్ని కొలిచి రాసేది మాత్రం నర్సే. ద్రవం సీసాను ఎత్తున వేలాడదీయడంలోనూ ఫిజిక్సే ఉంది: మీటరు ఎత్తు నీటి పీడనం సుమారు 73 మిల్లీమీటర్ల పాదరసంతో సమానం. చేతి సిరలోని పీడనం అందులో చిన్న వంతు మాత్రమే కాబట్టి ద్రవం లోపలికి పోతుంది.

ఈ ఫిజిక్స్ నర్సింగ్ కాలేజీలో చేరాక మొదలయ్యేది కాదు, చేరకముందే అడుగుతారు. అమెరికాలో అయితే అనాటమీ, మైక్రోబయాలజీ వంటి ముందస్తు కోర్సులను పాఠశాల ముగిశాక కాలేజీలో చదివి, తర్వాత నర్సింగ్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మన దేశంలో నర్సింగ్‌కు ముందు చదివి ఉండాల్సిన సబ్జెక్టులన్నీ 11, 12 తరగతుల్లోనే ఉన్నాయి. భారత నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం బీఎస్సీ నర్సింగ్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడింట్లో కలిపి 45 శాతం రావాలి. ఇంగ్లిష్‌లో విడిగా పాస్ కావాలి.

"కలిపి" అన్న మాటే కీలకం. బయాలజీలో 60, కెమిస్ట్రీలో 40, ఫిజిక్స్‌లో 30 వస్తే మొత్తం 130, అంటే 43.3 శాతం. సీటుకు అర్హత లేదు. అదే ఫిజిక్స్‌లో ఇంకో అయిదు మార్కులు వస్తే సరిగ్గా 45. "నర్సింగేగా, బయాలజీ బాగా చదివితే చాలు" అన్న సలహా ఇక్కడే దెబ్బతీస్తుంది. ప్రవేశ పరీక్షకు మండలి సూచించిన నమూనాలోనూ ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్, నర్సింగ్ అభిరుచి, ఒక్కోదానికి 20 మార్కులు. ఛత్తీస్‌గఢ్‌లో ఈ పరీక్షను వ్యాపం నిర్వహిస్తుంది. పక్కనే ఉన్న రాయ్‌పూర్ ఎయిమ్స్‌కు వేరే పరీక్ష. అక్కడ జనరల్ అభ్యర్థులకు ఇంగ్లిష్‌తో సహా 55 శాతం కావాలి.

ఉక్కు ఊళ్లో ఫిజిక్స్ అంటే ఇంజనీరింగ్ అనే అర్థం స్థిరపడిపోయింది. పదో తరగతి అయ్యాక మ్యాథ్స్ తీసుకుని, 12 పూర్తయ్యాక నర్సింగ్ వైపు చూసే పిల్లలకు దారి పూర్తిగా మూసుకుపోదు. మూడేళ్ల జీఎన్‌ఎం కోర్సుకు ఏ గ్రూపు వారైనా 40 శాతం మార్కులు, ఇంగ్లిష్‌లో పాస్ ఉంటే అర్హులే. ఆపైన రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయవచ్చు. లేదా జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా బయాలజీ రాయవచ్చు. సైన్సు సబ్జెక్టులు, ఇంగ్లిష్ ఉన్న ఆ సంస్థ విద్యార్థులను నిబంధనలు అనుమతిస్తాయి. బయాలజీని విడిగా తర్వాత రాసినవారిని ఆ ఏటి ప్రకటన ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి.

ఆంధ్ర, తెలంగాణల నుంచి భిలాయి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు మరో చిక్కుంది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 45కు బదులు 40 శాతం చాలు. కానీ ఒక రాష్ట్రంలో ఉన్న ఆ గుర్తింపు, వలస వెళ్లిన మరో రాష్ట్రంలో రిజర్వేషన్ హక్కుగా తనంతట తాను మారదని సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. ఆ కేసు వేసింది ఆంధ్రప్రదేశ్ నుంచి మహారాష్ట్ర వెళ్లిన విద్యార్థే. కాబట్టి స్థానిక కుల ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా 45నే లక్ష్యంగా పెట్టుకోవడం మంచిది. తెలుగు రాష్ట్రాలకు తిరిగొచ్చి చదువుదామనుకుంటే, అక్కడ స్థానికతకు చదివిన చోటు కూడా లెక్కలోకి వస్తుంది.

వయసు విషయానికొస్తే, చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 నిండాలి. తొందరపడి ఏడాది ముందే బడిలో వేసిన పిల్లలు 12 పాసైనా ఒక సంవత్సరం ఆగాల్సి రావచ్చు.