గుట్టరాయి, మొరము, బావినీరు

శంషాబాదు చుట్టుపట్ల గుట్టలమీద ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లను ఎవరో తెచ్చి నిలిపిరని పిల్లలు తలచుట సహజము. ఆ గుండ్లు అచ్చటనే పుట్టినవి. వాని చుట్టునున్న రాయి కుళ్లి, వాననీటికి కొట్టుకొని పోగా అవి మిగిలినవి. ఆ కుళ్లిన రాతితో మన బావులకు గల సంబంధమును పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసియున్నది.

ఈ రాయి గ్రానైటు. సుమారు 250 కోట్ల సంవత్సరముల పూర్వము, భూమిలో అనేక కిలోమీటర్ల లోతున, కరగిన శిలాద్రవము చల్లారి గట్టిపడగా ఏర్పడినది. ఇట్టి వానిని అగ్నిశిలలందురు. పాకమును కదపక నిదానముగా ఆరనిచ్చినచో కలకండ పెద్ద పలుకులుగా కట్టును గదా! గ్రానైటులోని పలుకులును అట్లే కట్టినవి. గాజువలె మెరయునది పలుగు. గులాబి లేక తెలుపు వన్నె గలది ఫెల్డ్‌స్పారు. నల్లని రేకులు అభ్రకము. వికారాబాదు వైపు కనబడు నల్లరాయియు అగ్నిశిలయే. కాని అది సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట నేలపైకి పొంగి త్వరగా చల్లారినందున దాని పలుకులు కంటికి ఆనవు.

పైనున్న బరువు కాలక్రమమున కోసికొని పోగా గ్రానైటు ఉల్లిపొరలవలె పగిలినది. పగుళ్లలో నీరు దిగినది. వాననీటిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు ఫెల్డ్‌స్పారును బంకమట్టిగా మార్చును. పలుగు మాత్రము మారక ఇసుకయై నిలుచును. ఇట్లు సగము కుళ్లిన రాయియే మన మొరము. ఇసుక, మట్టి వాగులవెంట పోయి ఎచ్చటనో పొరలుగా పేరుకొని, లక్షల యేండ్లకు మరల రాయి యగును. తాండూరు బండలు అట్లు నీటి అడుగున పేరుకొనిన సున్నపు బురద గట్టిపడినవే. అట్టి రాళ్లు భూగర్భమునకు దిగినచో వేడిమికిని ఒత్తిడికిని రూపము మారును; మిక్కిలి వేడిమికి కరగి మరల ద్రవమగును.

గట్టి గ్రానైటులో నీరు నిలువదు. మొరములోను, దాని క్రింది పగుళ్లలోను మాత్రమే నిలుచును. శంషాబాదునకు సమీపమున మహేశ్వరము ప్రాంతములో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థయు ఫ్రెంచి శాస్త్రజ్ఞులును కలిసి పరిశోధించి ఈ సంగతినే కనుగొనిరి. కుళ్లిన పొర సుమారు 10 నుండి 20 మీటర్ల మందము. దాని దిగువ పగుళ్ల పొర. సుమారు 40 మీటర్లు దాటినచో నీరిచ్చు పగుళ్లు అరుదు. బోర్ల తోడకము మితిమీరుటచే పై పొర చాలవరకు ఎండినదనియు తేలినది. బోరును ఇంకను లోతునకు దింపుట పలుమార్లు ధనవ్యయమే.

కనుక రోడ్లకును ఇండ్ల పునాదులకును మొరమును తరలించినపుడు పోవుచున్నది మట్టి మాత్రమే కాదు, వాననీటిని దాచు తొట్టి. చెరువు పూడిక తీసి పొలమునకు వేయుట వేరు. వానలకు అది మరల చేరును. మొరము మన మనుమల కాలమునకును తిరిగి రాదు. తవ్వకము మాట సభలో వచ్చినపుడు, ఊరిలో ఎండిన పాత బావి యొకదానిని సభ్యులందరును పోయి చూడవలెను. ఎర్రమట్టి, మొరము, పగుళ్ల రాయి, గట్టి బండ దాని గోడలపై వరుసగా కనబడును. పూర్వము నీరు నిలిచిన చారయు మొరము పొరలోనే కనబడవచ్చును.