సిద్ధరాముని రెండు ఓటములు

ఓటమి కలిగినపుడు కొందఱు "నేనెందుకును కొఱగాను" అని క్రుంగిపోవుదురు. మఱికొందఱు "తప్పు నాది కాదు" అని కోపింతురు. బసవేశ్వరుని సమకాలికుడైన సొన్నలిగె సిద్ధరామేశ్వరుని చరిత్రమున ఈ రెండు స్థితులును కానవచ్చును.

సొన్నలిగె యనగా నేటి షోలాపురము. రాఘవాంక కవి రచించిన సిద్ధరామచారిత్రము ప్రకారము, బాల్యమున సిద్ధరాముడు మాటాడని అమాయకుడు. తల్లిదండ్రులు పసులకాపునకు పంపిరి. ఒకనాడు పొలమునకు జంగమరూపమున వచ్చిన మల్లయ్య మజ్జిగ అన్నము కోరెను. బాలుడు ఇంటికి పరుగెత్తి అన్నము తెచ్చునప్పటికి అతిథి లేడు. అతనిని వెదకుచు యాత్రికుల వెంట శ్రీశైలమునకు నడచెను. అచట గుడిలోని లింగమును చూపి "ఇతడే మల్లయ్య" అనిరి. తాను చూచిన మల్లయ్య ఇతడు కాడని బాలుడు కొండలెల్ల తిరిగి, పిలిచి పిలిచి అలసి, తుదకు లోయలో దూకబోయెను. అప్పుడు మల్లయ్య చేయి పట్టి నిలిపెను.

బాలుడు చేసిన అపరాధమేమి? అన్నము తెచ్చుట కొంత ఆలస్యమైనది, అంతియే. దానికి ప్రాణమునే వెలగా నీయబోయెను. మల్లయ్య అతనిని మందలింపలేదు. చేయవలసిన పని యున్నదని చెప్పి సొన్నలిగెకే మరలించెను. పరీక్ష తప్పిన బిడ్డ యున్న ఇంట పెద్దలు మొదట చేయవలసిన పనియు ఇదియే, చేయి పట్టుకొనుట. పొరుగింటి బిడ్డల మార్కుల ప్రసంగము తరువాతనైనను ఎందులకు?

రెండవ ఓటమి కీర్తి వచ్చిన పిదప కలిగినది. సిద్ధరాముడు చెఱువు త్రవ్వించెను, గుడులు కట్టించెను. 15వ శతాబ్దమున కూర్పబడిన శూన్యసంపాదన ఈ ఘట్టమును విపులముగా వర్ణించుచున్నది. అల్లమప్రభువు వచ్చి, మీ మట్టిపనివాడెక్కడ నని కూలివారిని తేలికగా అడిగెను. వారు రాళ్లు రువ్విరి. సిద్ధరాముడు ఉగ్రుడయ్యెను. చెఱువు లోతు పెరిగినను లోపలి "నేను" తరుగలేదని ప్రభువు ఎత్తిచూపినపుడు మాత్రము మాఱుపలుకలేకపోయెను. తన్ను దైవముగా కొలుచు జనుల యెదుటనే తన కొఱత నొప్పుకొనెను. ఇది లోయ యంచున నిలుచుటకంటె కష్టము. పెద్దఱికము వచ్చినవారికి ఈ మాట తెలియును.

అటుపిమ్మట ప్రభువు వెంట కల్యాణమునకు పోయి, యువకుడైన చెన్నబసవణ్ణ చేత ఇష్టలింగమును స్వీకరించెనని ఆ గ్రంథము చెప్పును. శిష్యుడగుటకు సిగ్గుపడలేదు. మఱియొక విశేషము గమనింపదగినది: తన దోషము తెలిసినదని చెఱువును పూడ్పింపలేదు. దోషము కీర్తికాంక్షలో నుండెను గాని నీటిలో లేదు. తరువాతి కాలమున, అల్లమప్రభువు, చెన్నబసవణ్ణల పిదప, శూన్యసింహాసనమున మూడవవాడుగా కూర్చుండినవాడు ఈ మట్టిపనివాడే యని సంప్రదాయము.

ఆయన వచనముల అంకితము "కపిలసిద్ధ మల్లికార్జున". లోయ యంచున చేయి పట్టినవాని పేరది. షోలాపురమున ఆ చెఱువు నేటికిని కలదు. దాని నడుమ సిద్ధేశ్వరాలయము నిలిచియున్నది. మకరసంక్రాంతికి నందిధ్వజముల నెత్తుకొని జనులు అచట ఊరేగుదురు.