చెవికి కుదిరాకే కంపెనీ పేరు

నరసరావుపేట

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి మా మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఈ శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ ముందు ఆర్కెస్ట్రాలో పాడబోతున్నావని చదివి మనసు నిండింది. చెవిలో పెట్టుకునే మానిటర్లు ఏ కంపెనీవి కొనమంటావని అడిగావు. మిక్సర్ ముందు కూర్చుని ఇన్నేళ్లు ఎందరో గాయకుల గొంతులు విన్నవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. కంపెనీ సంగతి చివర్లో చెబుతాను. ముందు తేలాల్సింది అది నీ చెవికి కుదురుతుందా లేదా అన్నది.

కొండ కింద ఆ రాత్రి ఎలా ఉంటుందో నీకు తెలుసు. త్రికోటేశ్వరస్వామికి మొక్కుకుని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కట్టి తెచ్చే విద్యుత్ ప్రభలు వంద అడుగులకు అటూఇటూ ఎత్తున బారులు తీరి నిలుస్తాయి. ప్రతిదానికీ ఒక జనరేటరు, ఒక స్టేజీ, ఒక సౌండు సెట్టు. నువ్వు పల్లవి ఎత్తుకునేసరికి పక్క ప్రభ దగ్గర డ్రమ్ ప్యాడ్స్ వేరే తాళంలో మోగుతుంటాయి. శ్రుతి పట్టుకోవాలంటే నీ గొంతు నీకు వినపడాలి. వినపడటం లేదని ఎదురుగా ఉన్న మానిటర్ బాక్సు పెంచమంటావు. ఆ మోత మళ్లీ మైకులోకే వచ్చి ఫీడ్‌బ్యాక్ కూత పెడుతుంది. సౌండు అతను తగ్గిస్తాడు, నువ్వు గొంతు చించుకుంటావు. అర్ధరాత్రి దాటేసరికి పై షడ్జం అందదు.

ఈ చిక్కు మనొక్కరిదే కాదు. 1995లో అమెరికాలో వాన్ హేలెన్ బృందం డ్రమ్మరు స్టేజీ మీది మోతతో ఇబ్బంది పడుతుంటే, వాళ్ల సౌండ్ ఇంజనీరు జెర్రీ హార్వే అతని చెవికి సరిపడేలా మానిటర్లు తయారుచేశాడు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ అలా పుట్టింది. ఇంకా గట్టిగా వినిపించడానికి కాదు ఈ చెవి మానిటర్లు వచ్చింది; బయటి మోతను ఆపి, తక్కువ సౌండులోనే స్పష్టంగా వినిపించడానికి. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకుంటే మిగతావన్నీ వాటంతట అవే తేలతాయి.

లెక్క వేసి చూపిస్తాను. స్టేజీ మీద మోత 100 డెసిబెల్స్ ఉందనుకో. మానిటరు కొసన ఉండే రబ్బరు టిప్పు చెవిలో సరిగ్గా కుదిరి 25 డెసిబెల్స్ ఆపితే లోపలికి వచ్చేది 75. నీ పాట 85లో పెట్టుకున్నా హాయిగా వినపడుతుంది. అదే టిప్పు వదులుగా ఉండి పదే ఆపిందనుకో, లోపల మోత 90 అవుతుంది. దాని మీద నీ పాట తేలాలంటే 97కో 100కో పెంచాలి. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశోధించే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ రోజుకు 8 గంటలు వినొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. మీ కార్యక్రమం తెల్లవారుజాము దాకా సాగుతుంది. రబ్బరు ముక్క కుదరడానికీ కుదరకపోవడానికీ మధ్య ఉన్న తేడా ఇంత.

కుదిరిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. సెట్టుతో పాటు చిన్నా పెద్దా సిలికాన్ టిప్పులు, ఫోమ్ టిప్పులు వస్తాయి. మన రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు. కుడికి ఒక సైజు, ఎడమకి ఒక సైజు పట్టినా కంగారు పడకు. ఫోమ్ టిప్పును వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి డిప్పను పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టు. అది ఉబ్బి నిండేదాకా అర నిమిషం అలాగే పట్టుకో. తర్వాత బేస్ గిటారు బాగా వినిపించే పాట ఒకటి చిన్నగా పెట్టు. కుదిరితే బేస్ నిండుగా ఉంటుంది. పలచగా, కీచుగా వినపడితే ఎక్కడో గాలి పోతోందన్నమాట. అప్పుడు చెయ్యాల్సింది సైజు మార్చడం. మిక్సర్లో బేస్ పెంచితే ఆ లోటు తీరదు.

ఇంకో పరీక్ష గాయకులకే ప్రత్యేకం. మానిటర్లు పెట్టుకుని నోరు పూర్తిగా తెరిచి తారస్థాయిలో ఒక ఆలాపన చెయ్యి. దవడ కదిలినప్పుడల్లా చెవి కాలువ ఆకారం మారుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు బిగుతుగా ఉన్న టిప్పు పాట మధ్యలో వదులయ్యేది అందుకే. పాడుతూ తల అటూ ఇటూ తిప్పినా బేస్ మారకుండా ఉంటేనే ఆ టిప్పు నీది.

మొదటిసారి పెట్టుకున్నప్పుడు నీ గొంతు నీకే బుర్రలో గుమ్మంటూ వినపడుతుంది. ‘ఈ’, ‘ఊ’ అచ్చుల దగ్గర మరీను. చెవి మూసేసరికి ఎముకల ద్వారా వచ్చే మంద్రధ్వని బయటికి పోయే దారిలేక లోపలే నిలిచిపోవడం దానికి కారణం. టిప్పు పైపైన కూర్చుంటే ఈ గుమ్మనడం ఎక్కువ. కాస్త లోతుగా, నొప్పి లేకుండా కూర్చుంటే తగ్గుతుంది. దీనికి అలవాటు పడకుండా స్టేజీ ఎక్కితే నీ గొంతు నీకు పెద్దదిగా తోచి, పాట మింగేస్తావు. అందుకని ఇప్పటి నుంచే రోజూ కాసేపు మానిటర్లు పెట్టుకుని, తంబురా ట్రాకు వేసుకుని సాధన చెయ్యి.

మీ ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ అబ్బాయి చెవి అచ్చు తీయించి సెట్టు చేయించుకున్నాడని రాశావు. మంచిదే, కానీ నువ్వు ఇప్పుడే ఆ ఖర్చు పెట్టుకోవద్దు. ఒక సీజను మామూలు టిప్పుల సెట్టుతో పాడు. చెవిలో పెట్టుకుని పాడటం నీకు పడుతుందో లేదో తెలుస్తుంది. తర్వాత చేయించుకోవాలనిపిస్తే గుంటూరులోనో విజయవాడలోనో వినికిడి నిపుణుల దగ్గరికి వెళ్లు. వాళ్లు ముందు చెవిలోకి లైటు వేసి చూడాలి, గుబిలి ఉంటే తీయించాలి. తర్వాత దారం కట్టిన చిన్న స్పాంజి ముక్కను చెవి కాలువ రెండో వంపు దాటాక అడ్డం పెట్టాలి. అది లేకుండా సిలికాన్ పోస్తే కర్ణభేరి దాకా పోయే ప్రమాదముంది. స్పాంజి పెట్టనివాళ్ల దగ్గర అచ్చు తీయించుకోవద్దు. నువ్వు పాటగత్తెవని చెప్పి, నోరు తెరిచి పళ్ల మధ్య దిమ్మ పెట్టుకునే అచ్చు తీయాలా అని తయారీదారును ముందే అడుగు. సెట్టు వచ్చాక ఒరుసుకున్నా, వదులైనా ఎన్ని రోజుల్లోపు సరిచేసి ఇస్తారో డబ్బు కట్టకముందే కనుక్కో.

ఇక వైరు సంగతి. ఫోనుకి వాడే బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఇక్కడ పనికిరావు. వాటిలో పాట మామూలుగా సెకనులో పదో వంతో, అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా వస్తుంది. పదో వంతంటే 34 మీటర్ల దూరాన మోగుతున్న డోలు విని తాళం వేయడమే. 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే చవక వైర్‌లెస్ సెట్లకు తిరునాళ్ల జనంలో వైఫై, బ్లూటూత్‌ల రద్దీ తగులుతుంది. ప్రభ ముందు స్టేజీ ఎలాగూ చిన్నదే, నువ్వు మైకు స్టాండు దగ్గరే నిలబడి పాడతావు. కాబట్టి నడుముకి తగిలించుకునే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయరు, దానికి పొడవాటి వైరు చాలు. మానిటరు వైరు చెవి మీదుగా వెనక్కి తిప్పి, జడ కిందుగా జాకెట్టు వెనక క్లిప్పుతో బిగించు. ఆ రోజు మాటీలు పెట్టుకోవద్దు. వైరూ మాటీలూ ఒకే చోట నుంచి పోతాయి, తల తిప్పినప్పుడల్లా టిప్పు లాగేస్తుంది. బుట్టలు మాత్రం నిక్షేపంగా పెట్టుకో.

సౌండు అతనితో ముందురోజే మాట్లాడు. మిక్సర్ నుంచి నీ చెవికి మాత్రమే వచ్చే ఆగ్జ్ లైను ఒకటి విడిగా కావాలని, అందులో లిమిటర్ పెట్టమని అడుగు. ఎవరైనా మైకు వైరు టక్కున పీకితే వచ్చే దెబ్బ చెవికి తగలకుండా అది కొంతవరకూ కాస్తుంది. నీ మిక్స్‌లో మొదట నీ గొంతు, తర్వాత శ్రుతికి కీబోర్డు, లయకి తబలాయో ప్యాడ్సో ఉంటే చాలు. అన్నీ కావాలనుకుంటే ఏదీ తేలదు. జనం చప్పట్లు వినపడక వెలితిగా ఉంటుంది కనుక స్టేజీ అంచున ఒక మైకు పెట్టించి నీ లైనులోకి ఇప్పించుకో. పక్క ప్రభ పాట కూడా అందులో నుంచే వస్తుంది. పాట నడుస్తుండగా తగ్గించి, పాటకీ పాటకీ మధ్య పెంచమను. మైకు పెదవికి తగిలినప్పుడు జివ్వుమంటే పాట ఆపేసి, ఎలక్ట్రీషియన్ వచ్చి జనరేటరు ఎర్తింగు చూసేదాకా దేన్నీ ముట్టుకోకు.

ఎంత విసుగొచ్చినా ఒక చెవిది తీసేసి పాడొద్దు. స్టేజీల మీద చాలామంది ఇలాగే చేస్తారు. తెరిచిన చెవి మీద మోతంతా పడుతుంది, మూసిన చెవిలో వినపడక ఇంకా పెంచుతారు. రెండూ పోతాయి. రెండూ పెట్టుకో, లేదా రెండూ తీసేసి బాక్సు ముందు పాడు. పెట్టుకునే ముందు సౌండు సున్నాకి తెచ్చి, చెవిలో కూర్చున్నాక నెమ్మదిగా పెంచుకో. నీ టిప్పులు ఇంకెవరికీ ఇవ్వకు. చెమట పట్టినవాటిని తుడిచి ఆరబెట్టు. చెవిలో చీము, దురద, నొప్పి ఏదున్నా అవి పెట్టుకోకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించు.

గొంతు కోసం నువ్వు చల్లనీళ్లు మానేశావు, మంచులో తిరగడం మానేశావు. బొంగురుపోయిన గొంతు నాలుగు రోజుల విశ్రాంతితో సాధారణంగా దారికొస్తుంది. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని రోమకణాలు చచ్చిపోతే మనిషికి మళ్లీ పుట్టవు. ఏ శ్రుతిని నమ్ముకుని పాడుతున్నావో దాన్ని నీకు అందించేవి అవే. కార్యక్రమం అయ్యాక చెవుల్లో హోరు వినిపిస్తే అది మామూలేలే అని సర్దుకోకు. తర్వాతి రోజు విశ్రాంతి ఇచ్చి, పైసారి సౌండు తగ్గించు. హోరు మర్నాటికీ తగ్గకపోయినా, వినికిడి మందగించినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు.

కంపెనీ చివర్లో చెబుతానన్నాను. షూర్ ఎస్‌ఈ215 లాంటి, ధ్వని పుట్టించే డ్రైవరు ఒక్కటే ఉన్న సెట్టు నీకు చాలు. వైరు విడిగా ఊడుతుంది, తెగితే వైరు మాత్రమే మార్చుకోవచ్చు. వాటిలో ఫోమ్ టిప్పులూ వస్తాయి. అంత పెట్టలేకపోతే కేజెడ్ లాంటి చవక రకమైనా, చెవిలో గట్టిగా కూర్చుంటే పనికొస్తుంది. ఎక్కువ డ్రైవర్లున్నాయని ఖరీదైనది కొని, వదులు టిప్పుతో వినడం మాత్రం వద్దు.

వచ్చే ఆదివారం తంబురా ట్రాకు ఫోనులో వేసుకుని ఇంటికి రా. కొత్త టిప్పులు అన్ని సైజులూ తెప్పించి ఉంచుతాను. నీ రెండు చెవులకీ ఏది పడుతుందో పాడించి చూస్తాను. అది తేలాకే కొందాం.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

నీ మావయ్య